పవర్ పెంచకుండా గురి కుదురుతుందా? ఎయిర్‌సాఫ్ట్ జౌల్ పరిమితి వెనక లెక్కలు

క్లుప్తంగా: ఎయిర్‌సాఫ్ట్ గన్‌లో బీబీ (చిన్న ప్లాస్టిక్ గుండు) ఎంత వేగంగా బయటికొస్తుందన్న దానికీ, అది ఎక్కడ తగులుతుందన్న దానికీ చాలామంది అనుకునేంత సంబంధం లేదు. ఒకే శక్తికి బరువైన బీబీ, దాన్ని ప్రతిసారీ ఒకేలా తిప్పే హాప్ రబ్బరు, గాలి కారని సిలిండర్, శుభ్రమైన బ్యారెల్ ఉంటే ఆట నిర్వహించే సైట్ పెట్టిన పరిమితిలోనే దూరం, గురి రెండూ మెరుగవుతాయి. అయితే వీటిలో కొన్ని మార్పులు చెప్పాపెట్టకుండా పవర్‌ను పెంచేస్తాయి. చిక్కంతా అక్కడే.

బ్రిటన్‌లో ఎయిర్‌సాఫ్ట్ ఆడే సైట్‌కి ఆదివారం పొద్దున వెళ్తే, ఆటకు ముందు అందరూ వరుస కట్టేది ఒక బల్ల దగ్గర. దాని మీద చిన్న యంత్రం ఉంటుంది. పేరు క్రోనోగ్రాఫ్, అందరూ క్రోనో అంటారు. గన్ మూతిని దానికి ఆనించి నాలుగైదు సార్లు కాలిస్తే తెర మీద అంకె పడుతుంది. 342 వస్తే ఆటను చూసుకునే మార్షల్ సరేనని తలూపుతాడు. 361 వస్తే స్ప్రింగ్ మార్చేదాకా ఆ గన్ బ్యాగులోనే ఉండాలి. ఆ అంకె సెకనుకు అడుగుల్లో బీబీ వేగం, అంటే ఎఫ్‌పీఎస్.

ఈ ఆట తెలియనివాళ్లకు రెండు మాటలు. ఎయిర్‌సాఫ్ట్ గన్ కాల్చేది 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండు. మన ఎగ్జిబిషన్లలో, జాతరల్లో బెలూన్లు కొట్టే ఎయిర్‌గన్ వేరు, అందులో సీసపు పెల్లెట్ ఉంటుంది. (ఆ బెలూన్ గన్‌లలో గురి కుదరకపోవడానికి గురి చూసే ముల్లు వంగి ఉంటే చాలు, అది వేరే కథ.) ఎయిర్‌సాఫ్ట్‌లో రెండు జట్లు అడవిలోనో పాత గోడౌన్‌లోనో తలపడతాయి. బీబీ తగిలినవాళ్లు తామే చెయ్యెత్తి ‘హిట్’ అని పక్కకు తప్పుకోవాలి. ఎదుటివాళ్లు కాల్చింది ఒంటికి తగులుతుంది కాబట్టే పవర్ మీద అంత పట్టుదల.

పరిమితి ఎక్కడిది

బ్రిటన్‌లో ఎక్కువ సైట్లు మామూలు రైఫిళ్లకు 0.20 గ్రాముల బీబీతో 350 ఎఫ్‌పీఎస్ అన్న గీత గీస్తాయి. శక్తి లెక్కలో అది 1.14 జౌళ్లు. షాటుకొకసారి చేత్తో బోల్ట్ లాగి కాల్చే స్నైపర్ గన్‌లకు చాలాచోట్ల 500 ఎఫ్‌పీఎస్ దాకా, అంటే సుమారు 2.3 జౌళ్ల దాకా వదిలేస్తారు. కాకపోతే ఎదుటి మనిషి ఇంత దూరానికి లోపల ఉంటే కాల్చకూడదన్న షరతు పెడతారు.

సైట్ గీతకు పైన చట్టం గీత ఉంది. అక్కడి 1968 ఆయుధ చట్టం ప్రకారం గొట్టం మూతి దగ్గర 1 జౌల్ దాటినది ప్రాణాంతక ఆయుధం లెక్కలోకి వస్తుంది. 2017లో చేసిన సవరణ ఎయిర్‌సాఫ్ట్‌కు మినహాయింపు ఇచ్చింది. ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కి పట్టుకుంటే వరసగా కాల్చగలిగే గన్‌కు 1.3 జౌళ్లు, మిగిలిన వాటికి 2.5 జౌళ్లు. సైట్ గీత 1.14 దగ్గర, చట్టం గీత 1.3 దగ్గర. మధ్యనున్న సందు చిన్నది. చట్టం గీత దాటిన గన్ ఆటవస్తువుగా ఉన్న మినహాయింపు పోగొట్టుకుని ఆయుధ చట్టం కిందికి వెళ్తుంది.

జపాన్ ఇంకా గట్టిగా పట్టుకుంది. అక్కడ 2006లో వచ్చిన సవరణతో 6 మిల్లీమీటర్ల గన్‌కు 0.989 జౌళ్లే హద్దు. పవర్ పెంచిన గన్‌లతో రోడ్డు మీద వెళ్లే కార్లను కాల్చిన ఘటనలు ఆ చట్టానికి దారితీశాయి. 0.20 గ్రాముల బీబీకి అది సెకనుకు సుమారు 99 మీటర్లు, అంటే 325 ఎఫ్‌పీఎస్. బ్రిటన్ సైట్లలో చాలా గన్‌ల కంటే తక్కువే. అయినా 1991లో తొలి ఎలక్ట్రిక్ గన్ తెచ్చిన టోక్యో మరూయి గన్‌లు, పెట్టెలోంచి తీసినవి తీసినట్టే, గురికి పేరు తెచ్చుకున్నాయి. పవర్ పెంచే దారి మూసుకుపోయినచోట తయారీదార్ల దృష్టి రబ్బరు, బ్యారెల్, అమరిక మీదికి వెళ్లింది.

ఈ గీతల్ని కాస్త అటూ ఇటూ జరిపితే ఏం పోతుందన్న ప్రశ్నకు కళ్లద్దాల దగ్గర జవాబు దొరుకుతుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 166లో ‘ఎఫ్’ గుర్తున్న అద్దాన్ని 0.86 గ్రాముల ఉక్కు గుండుతో సెకనుకు 45 మీటర్ల వేగంతో పరీక్షిస్తారు. అది 0.87 జౌళ్లే. ‘బి’ గుర్తుకైతే 120 మీటర్లు, అంటే 6 జౌళ్ల పైన. మైదానంలో అందరి ముఖం మీదా ఏ అద్దం ఉందో కాల్చేవాడికి కనపడదు.

గాలి వేసే పన్ను

6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండుకు భూమ్యాకర్షణ కన్నా గాలి పెద్ద శత్రువు. సెకనుకు 100 మీటర్ల వేగంతో బయటికొచ్చిన 0.20 గ్రాముల బీబీ మీద గాలి నిరోధం దాని బరువుకు 35 రెట్లు మించి ఉంటుంది. పైగా వేగం రెట్టింపైతే నిరోధం నాలుగింతలు. స్ప్రింగ్ గట్టిది వేసి సంపాదించిన అదనపు వేగంలో పెద్ద భాగం మొదటి పది పదిహేను మీటర్లలోనే గాలికి కట్టేయాలి.

బరువు సంగతి వేరు. అన్ని బీబీల సైజూ దాదాపు ఒకటే, 5.95 మిల్లీమీటర్లు. సైజు ఒకటే కాబట్టి ఒకే వేగం దగ్గర గాలి పట్టే బలమూ ఒకటే. బరువైనది ఆ బలానికి తక్కువ లొంగుతుంది. ఖాళీ అట్టపెట్టెను, పుస్తకాలు నింపిన అదే పెట్టెను ఒకే వేగంతో గాల్లోకి విసిరితే గాలి దేన్ని ఎక్కువ ఆపుతుందో ఊహించినట్టే.

ఒకే 1.14 జౌళ్లకు రెండు బీబీలను పక్కపక్కన పెడితే లెక్క ఇలా వస్తుంది. గాలి నిరోధ గుణకం 0.45 అని తీసుకున్న సుమారు లెక్క ఇది. 0.20 గ్రాములది సెకనుకు 107 మీటర్లతో మొదలవుతుంది, 0.28 గ్రాములది 90 మీటర్లతో. క్రోనో తెర మీద రెండోది 296 ఎఫ్‌పీఎస్ అనే చూపిస్తుంది, చూసినవాళ్లకు నీరసంగా కనిపిస్తుంది. కానీ సుమారు 16 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి రెండింటి వేగమూ సమానమైపోతుంది. 30 మీటర్లకు రెండూ దాదాపు ఒకే సమయానికి, అర సెకనుకు కాస్త పైన, చేరతాయి. 40 మీటర్లకు తేలికదానికి 0.87 సెకను, బరువుదానికి 0.80 సెకను పడుతుంది. నెమ్మదిగా బయల్దేరిందే ముందు చేరింది.

పక్కగాలి ఉన్న రోజు తేడా ఇంకా బాగా తెలుస్తుంది. గంటకు 11 కిలోమీటర్ల గాలి, అంటే చెట్ల ఆకులు కదిలేంత. 40 మీటర్ల దగ్గర తేలికపాటి బీబీని అది మీటరున్నర పక్కకు తోస్తుంది, బరువుదాన్ని మీటరు పైచిలుకు. మనిషి వెడల్పు అర మీటరే కాబట్టి రెండూ పక్కకే పోతాయి. కానీ గాలి తగ్గినప్పుడు, అంచనాతో గురి పెట్టినప్పుడు, ఆ అర మీటరే హిట్‌కీ మిస్‌కీ మధ్య తేడా. అందుకే 0.20 గ్రాముల బీబీలు క్రోనోకి, చిన్న హాళ్లలో ఆటకి పరిమితమై, బయట అడవుల్లో 0.28, 0.30 మామూలయ్యాయి.

బరువు పెంచుకుంటూ పోతే చాలా అంటే అదీ కాదు. బరువైన బీబీని గాల్లో నిలబెట్టే తిప్పుడు గన్ ఇవ్వగలగాలి.

తిప్పుడు కిటుకు

హాప్-అప్ లేని గన్‌లోంచి భుజం ఎత్తున, నేలకు సమాంతరంగా కాల్చిన బీబీ అర సెకను దాటగానే నేల తాకుతుంది. అంటే సుమారు 30 మీటర్లు. అంతకు మించి పోవాలంటే గన్ ఎత్తి కాల్చాలి, అప్పుడు గురి అన్న మాటే ఉండదు.

హాప్-అప్ చేసే పని ఇది. బ్యారెల్ మొదట్లో మెత్తని రబ్బరు గొట్టం ఉంటుంది. దాని పైభాగాన్ని ‘నబ్’ అనే చిన్న ముక్క కిందికి నొక్కడంతో లోపల బొడిపె తేలుతుంది. బీబీ దాని కింద నుంచి రాసుకుంటూ పోయినప్పుడు పైభాగం వెనక్కి తిరుగుతుంది. అలా వెనక్కి తిరుగుతూ వెళ్లే గుండును గాలి పైకి ఎత్తిపడుతుంది. దీన్నే మాగ్నస్ ప్రభావం అంటారు. స్పిన్నర్ టాప్ స్పిన్ వేస్తే బంతి బ్యాటర్ అనుకున్న చోటి కన్నా ముందే వాలిపోవడం క్రికెట్ చూసేవాళ్లకు తెలుసు. ఇది దానికి తిరగేసింది. టేబుల్ టెన్నిస్‌లో కింద నుంచి కోసినట్టు కొట్టిన బంతి తేలుతూ పోవడం కూడా ఇదే.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూస్తే గురి రహస్యం సగం తేలిపోతుంది. పైకెత్తే బలం బీబీ వేగం మీదా, తిప్పుడు మీదా ఆధారపడుతుంది. తిప్పుడు కూడా ఇంచుమించు వేగంతో పాటే పెరుగుతుంది. అంటే వేగం 5 శాతం తగ్గితే ఎత్తే బలం దాదాపు 10 శాతం తగ్గుతుంది. ముతకగా వేసుకున్నా, అర సెకనులో 30 మీటర్లు పోయే బీబీ ఆ తేడాకే 12 సెంటీమీటర్లు, అంటే బెత్తెడున్నర, కిందికి దిగుతుంది. వేగం తేడా 1 శాతమే అయితే దిగేది రెండు మూడు సెంటీమీటర్లు. 350 దగ్గర కాలుస్తూ షాటుకు షాటుకూ 17 ఎఫ్‌పీఎస్ తేడా వచ్చే గన్ కంటే, 320 దగ్గరే ఉండి 3 ఎఫ్‌పీఎస్ తేడాతో కాల్చే గన్ దూరంగా ఉన్నవాణ్ని ఎక్కువసార్లు కొడుతుంది. క్రోనో దగ్గర అందరూ చూసేది పెద్ద అంకెను. చూడాల్సింది వరస అంకెల మధ్య తేడాను.

రబ్బరు ఎంపికలో గట్టిదనాన్ని 50, 60, 70 డిగ్రీలని చెబుతారు. మెత్తనిది బీబీని బాగా పట్టుకుంటుంది, తక్కువ పవర్‌కు నప్పుతుంది, కానీ త్వరగా అరుగుతుంది. గట్టిది ఎక్కువ పవర్‌కు ఓర్చుకుంటుంది. 1.14 జౌళ్ల గన్‌కు 50 లేదా 60 సరిపోతుంది. గట్టి రబ్బరు వేస్తే పవర్‌ఫుల్ గన్ అయిపోతుందనుకోవడం వట్టి భ్రమ.

మామూలు రబ్బరులో బొడిపె బీబీని ఒక చుక్క దగ్గర తాకుతుంది. ఆ చుక్క నడిమధ్యన లేకపోతే బీబీ వెనక్కే కాక పక్కకు కూడా వాలి తిరుగుతుంది, గాల్లో అటే వంకర తిరుగుతుంది. ఫ్లాట్ హాప్, ఆర్-హాప్ అనే మార్పులు ఈ చుక్కను పొడవాటి పట్టీగా మారుస్తాయి. బీబీకి రబ్బరుతో ఎక్కువసేపు రాపిడి ఉండటంతో అంతే శక్తికి బరువైన గుండును తిప్పగలుగుతాయి. ఆర్-హాప్‌కు బ్యారెల్ పైన హాప్ రబ్బరు కోసం ఉండే కిటికీలో ముక్కను అతికించి, అరగదీసి సరిచేయాలి. చేయి తిరగనివాళ్లు చేస్తే ఉన్న గురి కూడా పోతుంది. ఫ్లాట్ హాప్ దీనికన్నా సులువు, తప్పు పోతే పాత రబ్బరు మళ్లీ వేసుకోవచ్చు.

గాలి కారడం, స్ప్రింగ్ తగ్గించడం

ఎలక్ట్రిక్ గన్‌లో మోటారు పళ్ల చక్రాలతో పిస్టన్‌ను వెనక్కి లాగి వదులుతుంది. స్ప్రింగ్ దాన్ని ముందుకు తోస్తే సిలిండర్‌లోని గాలి నాజిల్ ద్వారా బీబీని నెడుతుంది. పిస్టన్ తల చుట్టూ ఉన్న ఓ-రింగ్ అనే రబ్బరు వలయం దగ్గర, సిలిండర్ తల దగ్గర, నాజిల్ రబ్బరుతో కలిసేచోట, ఈ మూడు చోట్లా గాలి కారుతుంది. కారడం ఒక్కటే అయితే పవర్ తగ్గి ఊరుకుంటుంది. ప్రతి షాటుకూ వేరేగా కారితే గురి పోతుంది.

పరీక్షకు పనిముట్లు అక్కర్లేదు. సిలిండర్, పిస్టన్, నాజిల్ విడిగా బయటికి తీసి, నాజిల్ రంధ్రాన్ని వేలితో గట్టిగా మూసి పిస్టన్‌ను ముందుకు తోయాలి. మూసిన సైకిల్ పంపులా ఎదురుతన్నితే సీల్ బాగున్నట్టు. మెల్లగా దిగిపోతే ఎక్కడో కారుతోంది. ఓ-రింగ్ మార్చడం, సిలిండర్ తలకు టెఫ్లాన్ టేపు చుట్టడం వంటి చవక పనులతో చాలావరకు తీరిపోతుంది.

పరిమితి లోపల ఆడేవాళ్లు తరచుగా తప్పే మెట్టు ఇక్కడుంది. సీల్ బాగుచేస్తే ఇన్నాళ్లూ వృథా పోయిన గాలి బీబీ వెనక పడుతుంది, వేగం పెరుగుతుంది. 340 కాల్చిన గన్ 365 దాటవచ్చు. అప్పుడు చేయాల్సింది స్ప్రింగ్ ఒక మెట్టు దిగడం. స్ప్రింగ్‌లకు ఎం100, ఎం95, ఎం90 అని పేర్లుంటాయి. 0.20 గ్రాముల బీబీకి సెకనుకు దాదాపు అన్ని మీటర్ల వేగం ఇస్తుందని అర్థం. మెత్తని స్ప్రింగ్‌తో గేర్లకు శ్రమ తగ్గుతుంది, పిస్టన్ గుద్దుకునే అదురు తగ్గుతుంది, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. పవర్ పాతదే, నిలకడ కొత్తది. గట్టి స్ప్రింగ్ వేసి గాలి కారుతూ అదే 340 కాల్చే గన్‌కూ దీనికీ క్రోనో బల్ల దగ్గర తేడా కనపడదు. మైదానంలో కనపడుతుంది.

బ్యారెల్ మీద ఖర్చు

పొడవు బ్యారెల్ వేస్తే గురి పెరుగుతుందన్న నమ్మకం నిజం రైఫిళ్ల నుంచి వచ్చింది. బీబీకి ఆ లెక్క వర్తించదు. బ్యారెల్‌లో రైఫిలింగ్ గాడులు లేవు, తిప్పుడంతా మొదటి సెంటీమీటర్లోనే అయిపోయింది. పొడవు చేసేది సిలిండర్ గాలికీ బ్యారెల్ ఖాళీకీ ఉన్న నిష్పత్తిని మార్చడమే. గాలి చాలకపోతే బీబీ బయటపడకముందే నెట్టుడు ఆగిపోతుంది. మరీ ఎక్కువైతే బీబీ వెనకే గాలి గుప్పున వదిలి దాన్ని కదుపుతుంది.

లోపలి వ్యాసం సంగతి కొంచెం వేరు. మామూలు బ్యారెల్ 6.08 మిల్లీమీటర్లు, టైట్‌బోర్ 6.03 లేదా 6.01. సందు తగ్గితే గాలి తక్కువ జారుతుంది, ఎఫ్‌పీఎస్ కాస్త పెరుగుతుంది. మళ్లీ క్రోనో గుర్తుపెట్టుకోవాలి. కానీ సందు ఎంత తక్కువైతే దుమ్ముకు, వంకర బీబీకి అంత చోటు తక్కువ. లోపల నున్నగా, నిటారుగా ఉన్న 6.08 బ్యారెల్ గరుకు 6.01 కన్నా మేలు. పాత బ్యారెల్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డ ముక్కతో తుడిచి చూడటం కొత్తది కొనేముందు చేయాల్సిన పని. గుడ్డ నల్లగా బయటికొస్తే డబ్బు మిగిలినట్టే. సిలికాన్ నూనె మాత్రం బ్యారెల్‌లో చల్లకూడదు. అది హాప్ రబ్బరుకు పాకితే జారుడు మొదలై, వంద షాట్ల దాకా గన్ మాట వినదు.

బయటి బ్యారెల్ లోపల లోపలి బ్యారెల్ కదులుతుంటే అక్కడక్కడా టేపు చుట్టి బిగించడం, హాప్ రబ్బరు కూర్చునే చాంబర్ ఊగకుండా చూడటం వంటివి అర్ధగంట పనులు. ఫలితం మాత్రం ఖరీదైన బ్యారెల్‌కు తీసిపోదు.

జౌల్ క్రీప్: కనపడని పెరుగుదల

క్రోనో దగ్గర 0.20 గ్రాముల బీబీతో 1.14 జౌళ్లు చూపించిన గన్, ఆటలో 0.30 వేస్తే అంతే శక్తితో కాలుస్తుందా? కాల్చకపోవచ్చు. బరువైన బీబీ మెల్లగా కదులుతుంది కాబట్టి బ్యారెల్‌లో ఎక్కువసేపు ఉంటుంది. వెనక గాలి ఇంకా మిగిలి ఉంటే అది తోస్తూనే ఉంటుంది. వేగం తగ్గినా శక్తి పెరుగుతుంది. ఆటగాళ్లు దీన్ని జౌల్ క్రీప్ అంటారు. సిలిండర్‌కు తగ్గ బ్యారెల్ ఉన్న స్ప్రింగ్ గన్‌లలో ఇది తక్కువ. సిలిండర్ గాలి మరీ ఎక్కువైన గన్‌లలో, గ్యాస్ గన్‌లలో, విడి బాటిల్ నుంచి అధిక ఒత్తిడి గాలి తెచ్చుకునే హెచ్‌పీఏ గన్‌లలో ఎక్కువ.

బ్రిటన్‌లో ఇది కేవలం సైట్ మర్యాద ప్రశ్న కాదు. ముందు చెప్పిన సందు 0.16 జౌళ్లే. 0.20తో గీత అంచున ఉన్న హెచ్‌పీఏ గన్ 0.30తో 1.3ను దాటితే చట్టం దృష్టిలో దాని జాతే మారిపోతుంది. అందుకే ఆటలో వాడే బీబీతోనే క్రోనో చేసి, అంకెను జౌళ్లలో చదివే సైట్లున్నాయి. హెచ్‌పీఏ గన్‌లకు ప్రెషర్ తిప్పే మరను తాళంతో బిగించేదీ అందుకే. తాళం లేకపోతే క్రోనో అయ్యాక పొద చాటున ఒక్క తిప్పుడు చాలు. 0.20 బీబీతో ఎఫ్‌పీఎస్ మాత్రమే అడిగే సైట్‌లో కూడా తన బీబీతో జౌళ్లు కొలుచుకోవడం ఆటగాడికే మంచిది.

అట్టపెట్టె చెప్పే సంగతులు

గన్‌లో లోపం ఎక్కడుందో కనిపెట్టడానికి 30 మీటర్ల దూరాన పెద్ద అట్టపెట్టె, గన్‌ను ఆనించడానికి ఒక సంచి, పది బీబీలు సరిపోతాయి. ఒక్కో షాటు మధ్య తొందర పడకూడదు. గుర్తులన్నీ ఒక పక్కకే వాలితే నబ్ వంకరగా కూర్చుంది, లేదా చాంబర్ తిరిగింది. నిలువుగా పైకీ కిందికీ చెదిరితే వేగం నిలకడగా లేదు, సీల్ చూడాలి. ఏ తీరూ లేకుండా చుట్టూ చల్లినట్టుంటే బ్యారెల్ మురికి లేదా బీబీల నాణ్యత. మొదటి షాటు మాత్రమే ఎప్పుడూ దూరంగా పడితే పిస్టన్ వేర్వేరు చోట ఆగుతోందేమో చూడాలి. అదే కారణమైతే మోటారును ఒకేచోట ఆపే ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ దీనికి మందు.

బీబీల మీద అనుమానం వస్తే డబ్బాలోంచి ఇరవై తీసి చేతిలో దొర్లించి చూడాలి. అచ్చు కలిసిన గీత గోటికి తగిలితే, లోపల గాలి బుడగ కనపడితే ఆ సంచి పక్కన పెట్టేయాలి. చాలా బ్రిటన్ సైట్లు మట్టిలో కలిసిపోయే బయో బీబీలే వాడమంటాయి. వాటిలో ఉండే పీఎల్ఏ ప్లాస్టిక్ తేమకు పాడవుతుంది. పోయిన సీజన్‌లో విప్పి గ్యారేజీలో పడేసిన సంచి కొత్తగా కొన్న బ్యారెల్ పరువు కూడా తీసేస్తుంది.

ఈ పరీక్ష వేసవిలో ఒకసారి చేసి వదిలేస్తే చాలదు. జనవరి పొద్దున 3 డిగ్రీల చలిలో హాప్ రబ్బరు బిగుసుకుపోతుంది, గ్యాస్ గన్ ప్రెషర్ పడిపోతుంది, క్రోనో అంకె మారుతుంది. పొద్దున చలిలో గ్యాస్ గన్‌తో గీత అంచుకు సరిపెట్టుకున్నవాళ్లు మధ్యాహ్నం ఎండ కాశాక అదే మ్యాగజైన్‌తో గీత దాటుతారు. కాబట్టి భోజనం తర్వాత మళ్లీ క్రోనో బల్ల దగ్గరికి రమ్మని మార్షల్ పిలిచినా విసుక్కోవాల్సిన పని లేదు.